ఎడమకాలి విద్య

కారు నడపడం వచ్చినవాడికి అన్ని కార్లూ ఒకటేనని మనలో చాలామంది నమ్మకం. గేర్లు ఒకటీ రెండూ ఎక్కువ తక్కువ, అంతే కదా అంటారు. ఆ మాట అన్న పెద్దమనిషిని ఒక్కసారి మూడు పెడళ్ల స్పోర్ట్సు కారులో కూర్చోబెట్టండి. కూడలిలో పచ్చదీపం వెలుగుతుంది. కారు ఒక్క గెంతు గెంతి, దగ్గి, చల్లగా ఆగిపోతుంది. వెనక హారన్ల మేళం మొదలవుతుంది. ఇన్నేళ్లుగా తన కాలు నేర్చినదంతా ఒకే ఒక్క కారు పాఠమని అప్పుడు తెలుస్తుంది.

మా అక్కయ్య కొడుకు ఒకడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. విజయవాడలో చిన్న కారు మీద డ్రైవింగు నేర్చుకున్నాడు. అక్కడికి వెళ్లాక ఎనిమిదేళ్లపాటు క్లచ్చి లేని కారే నడిపాడు. ఎడమకాలికి పెన్షను ఇచ్చేశాడన్నమాట. ఆ మధ్య ముచ్చటపడి మాజ్దా వారి ఎం.ఎక్స్.-5 అనే రెండు సీట్ల బండి, పాతది, కొన్నాడు. వారం తిరక్కుండా నాకు ఫోను.

"మావయ్యా, పెడలు మెత్తగానే వుంది. ఎక్కడ పట్టుకుంటుందో మాత్రం కాలికి అందడం లేదు. అమ్మేద్దామనుకుంటున్నా."

వాడి భార్య అప్పటికే ఆ కారెక్కడం మానేసిందట. గంతులు వేస్తే మెడ పట్టేస్తున్నదని ఆమె ఫిర్యాదు. న్యాయమైనదే.

ఇంతకీ ఆ పెడలు వెనక వున్న వ్యవహారమేమిటి? ఇంజను తిరుగుతూ వుంటుంది, చక్రాలు నిలబడి వుంటాయి. ఈ ఇద్దరికీ సామరస్యం కుదర్చాలి. ఇంజను చివర ఫ్లైవీలు అనే బరువైన చక్రం, దానికి ఆనుకుని ఒక రాపిడి బిళ్ల, ఆ బిళ్లను అదిమిపట్టే ప్రెషరు ప్లేటు వుంటాయి. పెడలు తొక్కితే ప్లేటు వెనక్కి జరిగి బిళ్ల విడిపోతుంది. వదిలితే అతుక్కుంటుంది. కాలు అయిదారంగుళాలు కదిలితే లోపల ప్లేటు కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లే! అందులోనూ బిళ్ల జారుతూ జారుతూ పట్టుకునే జాగా మరీ చిన్నది. కారు నడక మర్యాద అంతా అక్కడే వున్నది.

ఇందులో ఒక తిరకాసు వున్నది. ప్లేటును అదిమే స్ప్రింగు పళ్లెం ఆకారంలో వుంటుంది. తొక్కుతున్న కొద్దీ బరువు కొంతదూరం పెరిగి, ఆపైన తగ్గుతుంది. కనుక కాలికి తోచే బరువుకూ, బిళ్ల పట్టుకునే చోటుకూ పొంతన వుండాలని లేదు. మావాడు బరువును నమ్ముకున్నాడు, అందుకే మోసపోయాడు.

పైగా స్పోర్ట్సు కార్లలో ఫ్లైవీలును తరచు తేలికగా చేస్తారు. ఇంజను చప్పున వేగం అందుకుంటుంది, అంత చప్పునా పడిపోతుంది. హోండావారు 1999లో తెచ్చిన ఎస్-2000 ఇంజను నిమిషానికి 9000 చుట్ల దాకా తిరిగేది. పై వేగంలో చెలరేగే ఆ ఇంజను కింది వేగంలో అంత బలం చూపించదు. పోర్షె 911 సంగతి వేరు. 1963లో ప్రదర్శనకు వచ్చిన ఆ కారు పెడళ్లు చాలాకాలం నేలలోంచి మొలిచినట్లుండేవి. క్లచ్చిని లాగేది తీగ. ద్రవపు ఒత్తిడితో పనిచేసే క్లచ్చి 1987 మోడలుతోగాని రాలేదు. తీగ బిగువు కాలికి ఒక కబురు చెబుతుంది, ద్రవం ఇంకొకలా చెబుతుంది. ఏది మేలంటే నేను తీగవైపే మొగ్గుతాను. మోకాళ్లు నొప్పులున్నవారు ఒప్పుకోరు లెండి.

1989లో షికాగో ప్రదర్శనలో తొలి ఎం.ఎక్స్.-5ను చూపిన మాజ్దావారు ఆ కారు తయారీకి ఒక సూత్రం పెట్టుకున్నారు: రౌతూ గుర్రమూ ఒకటి కావాలి. జపాను భాషలో 'జిన్బా ఇత్తాయి' అంటారు. వింటే మనకు నలుడు గుర్తుకు రాడూ? బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి రథం తోలినవాడికి తెలిసినది అశ్వహృదయం. ఆ రథం చప్పుడు విని దమయంతి, తోలుతున్నది నలుడేనని అనుమానించింది. చప్పుడు విని! నేను మావాడికి చెప్పినదీ అదే.

"ఒరేయ్, కాలితో వెదకడం మానెయ్. చెవితో వెదుకు."

చదునుగా, ఖాళీగా వున్న చోటు చూసుకోవాలి. సీటు ముందుకు జరుపుకోవాలి. క్లచ్చి అడుగంటా తొక్కినా మోకాలు కాస్త వంగే వుండాలి. చెప్పులు పనికిరావు, పల్చటి అడుగున్న బూట్లు మంచివి. మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు జోలికి పోకుండా క్లచ్చిని వెంట్రుకవాసి చొప్పున వదలాలి. ఒకచోట ఇంజను గొంతు కాస్త బొంగురుపోతుంది, కారు ముక్కు కదలబోతుంది. అక్కడ కాలు నిలపాలి. కారు నత్తలా కదులుతుంది. మళ్లీ తొక్కి, మళ్లీ వదలాలి. ఇరవైసార్లు, ముప్పైసార్లు చేసి, మాడిన వాసన వస్తే కారుకు విశ్రాంతి ఇవ్వాలి. ఆ తరవాతనే యాక్సిలరేటరు. ఎత్తుమీద ఆగినప్పుడు హేండ్‌బ్రేకు వేసుకోవాలేగాని క్లచ్చి మీద కారును వేలాడదీయకూడదు, బిళ్ల అరిగిపోతుంది. నడుస్తున్నప్పుడు పాదాన్ని పెడలు మీద ఆనించి వుంచడం కూడా చెడ్డ అలవాటే.

మూడోవారం మళ్లీ ఫోను చేశాడు. ఈసారి అమ్మకం ఊసు లేదు. భార్య పక్కన కూర్చుని బజారుకు వచ్చిందట. ఒక్క గంతుకు మాత్రం క్షమించిందట.

ఇటువంటి కార్లు తగ్గిపోతున్నాయి. 2009లో వచ్చిన ఫెరారీ 458కి క్లచ్చి పెడలే లేదు. 2013లో పోర్షెవారు జి.టి.3 కారుకు దాన్ని తీసివేశారు. అభిమానులు వూరుకోలేదు. 2017లో కోరినవారికి మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. వేగంలో యంత్రమే గెలుస్తుందని తెలిసీ అడిగారు చూడండి!

పాతకారు కొనేవారికి ఇంకొక్క ముక్క. పట్టు దొరికే చోటు ఒకనాడు పైన, ఒకనాడు కింద వుంటే, పెడలు మెత్తబడి నేలకు దిగిపోతుంటే, అది మీ కాలి తప్పు కాదు. క్లచ్చి గొట్టాలలో సాధారణంగా వుండేది బ్రేకుల్లో వాడే ద్రవమే. అది కారిపోతూ వుండవచ్చు, గాలి చొరబడి వుండవచ్చు. ఎం.ఎక్స్.-5 పాతబళ్లలో గేరుబాక్సు దగ్గరి చిన్న సిలిండరు కారడం మామూలే. ముందు మెకానిక్కుకు చూపించండి, సాధన తరవాత చేయవచ్చు.