నీలి తూనీగను పోల్చుకోవాలంటే తోక చివర చూడాలి

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పుణ్యమా అని షాలిమార్ స్టేషన్ పేరు తెలుగువారికి కొత్తేమీ కాదు. కోల్‌కతా నుంచి హుగ్లీ నది దాటితే హౌరా వైపు ఉంటుందది. దగ్గర్లోనే 1787లో మొదలైన బొటానికల్ గార్డెన్ ఉంది. మన సామర్లకోటలో మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఈ తోట బాధ్యతలు తీసుకున్నారు. తోటలో చాలా చెరువులున్నాయి. గడ్డి మొలిచిన ఇలాంటి నీటి అంచులే నీలి డామ్సెల్‌ఫ్లైలకు నచ్చే చోటు.

డామ్సెల్‌ఫ్లై అంటే పుల్లలా సన్నగా ఉండే తూనీగ. మామూలు తూనీగ రెక్కలు చాచి వాలుతుంది. ఇది చాలావరకు వీపు మీద ముడుచుకుంటుంది. కళ్లు రెండూ ఎడంగా ఉంటాయి.

ఏది ఏ జాతి?

రంగు ఒక్కటే చూస్తే పొరబడతాం. తోక పైభాగం దాదాపు నలుపై, దాని చివర మాత్రం నీలంగా మెరిస్తే అది ఇష్నూరా సెనెగలెన్సిస్ మగది కావచ్చు. ఛాతీ నీలంగా ఉండి నల్ల చారలుంటే, తోకలో 8, 9 ఖండాలు నీలమైతే సూడాగ్రియన్ మైక్రోసెఫాలం అనుకోవచ్చు. అయితే సూడాగ్రియన్ ఆస్ట్రలేసియే కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. మగవాటి తోక చివర ఉండే చిన్న కొక్కేల ఆకారమే ఈ రెంటినీ విడదీస్తుంది. ఆడవి, అప్పుడే రెక్కలు వచ్చినవి వెలిసిన రంగులో ఉంటాయి కాబట్టి వాటిని గుర్తించడం ఇంకా కష్టం.

అందుకే ఒక్క ఫొటో చాలదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తోక చివర దగ్గరగా ఇంకొకటి తీయాలి. తేదీ, చోటు, నీరు పారుతోందా నిలిచి ఉందా అన్నదీ రాసుకోవాలి.

గట్టు పోతే తూనీగా పోతుంది

ఈ జాతుల ఆడవి నీటి మొక్కల కాడల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమ లార్వాలను కూడా తింటాయి. రెక్కలు వచ్చే వేళకు గడ్డిపోచ పట్టుకుని పైకి పాకుతాయి. అంటే గుడ్డు నుంచి రెక్కల దాకా అన్నిటికీ గట్టు మీది గడ్డే ఆధారం.

సుందరీకరణ పేరుతో గడ్డి పీకి, చుట్టూ సిమెంటు కడితే చెరువు మిగులుతుంది కానీ తూనీగ మిగలదు. కోల్‌కతాలో అయినా హైదరాబాద్‌లో అయినా ఇదే వరస. ఏ జాతి ఎక్కడ ఉందో నమోదు కాకపోతే, ఏం పోయిందో కూడా తెలియదు.