పెట్లుప్పు - వేడినీరు

వేడినీటిలో ప్రతి పదార్థమును ఎక్కువగా కరగునని సామాన్యముగా తలచెదరు. చక్కెర విషయమున ఇది నిజమే. వంటయుప్పు విషయమున చాలవఱకు పొరపాటు. నూరు గ్రాముల నీటిలో 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 36 గ్రాముల ఉప్పు కరగును. 100 డిగ్రీల వద్దను 39 గ్రాములే. పెట్లుప్పు, అనగా సురేకారము, ఇందుకు భిన్నము. 20 డిగ్రీల వద్ద సుమారు 32 గ్రాములు కరగు ఈ లవణము, 100 డిగ్రీల వద్ద 240 గ్రాములకు పైగా కరగును.

ఈ భేదము మీదనే ఒక ప్రాచీన వృత్తి నిలిచినది. చవిటిమట్టి నుండి ఉప్పును, పెట్లుప్పును తీయుట ఉప్పరుల పూర్వవృత్తి; వారి పేరులోనే ఉప్పు ఉన్నది. తెలుగునాటనే కాక కర్ణాటక, తమిళ ప్రాంతములందును వారు కలరు. మట్టిని నీటితో కడిగినచో రెండు లవణములును కలిసియే దిగును. వానిని వేఱుచేయుటకు ఆ నీటిని బానలలో మరిగింతురు. నీరు ఇగిరినకొలది వంటయుప్పు ముందుగా అడుగునకు చేరును, దానిని తోడివేయుదురు. పెట్లుప్పు వేడినీటిలో నిలిచియుండును. పిమ్మట చల్లారనిచ్చినచో అది సూదుల వంటి స్ఫటికములుగా పేరుకొనును. మిగిలిన ఉప్పు చాలవఱకు నీటిలోనే ఉండిపోవును. తుపాకిమందునకు ఈ శుద్ధి అత్యవసరము. ఉప్పు కలిసిన పెట్లుప్పు చెమ్మను పీల్చును. చెమ్మగిల్లిన మందు సరిగా అంటుకొనదు. ఉష్ణమాపకము పుట్టక పూర్వమే మన పనివారు ఈ మర్మమును చేతులతో గ్రహించిరి.

కారణమేమి? పెట్లుప్పు కరగునప్పుడు నీటి నుండి వేడిని గ్రహించును. అక్బరు కాలమున త్రాగునీటిని దీనితో చల్లబఱచుచుండిరని అబుల్ ఫజల్ ‘అయినె అక్బరీ’లో వ్రాసెను. కరగుటకు వేడి కావలసిన పదార్థమునకు వేడి నందించినచో మఱింత కరగును. వంటయుప్పు గ్రహించు వేడి స్వల్పము. కావున మార్పును స్వల్పమే.

కరగునప్పుడు వేడిని విడుచు పదార్థముల నడక దీనికి ఎదురు. నీరు చల్లి విరియించిన సున్నము 0 డిగ్రీల వద్ద లీటరు నీటిలో రెండు గ్రాములకు కొంచెము తక్కువగా కరగును. 100 డిగ్రీల వద్ద అందులో సగము కూడ కరగదు. చన్నీటితో తీసిన చిక్కని సున్నపుతేటను మూతపెట్టి కాచినచో మబ్బుగట్టుట ఇందుచేతనే.

వాయువులదియు ఇదే త్రోవ. లీటరు మంచినీటిలో 10 డిగ్రీల వద్ద సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలువగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే నిలుచును. నడివేసవిలో తెల్లవాఱుజామున చెఱువుచేపలు నోళ్లు తెఱచి నీటిపైకి వచ్చుటకు ఇది యొక హేతువు. రాత్రివేళ నాచు ప్రాణవాయువును పుట్టింపదు. పైగా చేపలతోపాటు తానును దానిని పీల్చుచునే యుండును.