బాప్తిస్టు సంఘకాపరికి విశ్రాంతి: ఫర్లో నుండి సబ్బాటికల్ వరకు

సబ్బాటికల్ అనే మాటకు మూలం హీబ్రూ భాషలోని ‘షబ్బాత్’. ఆరేళ్లు సాగుచేసిన పొలాన్ని ఏడవ ఏట బీడుగా విడిచిపెట్టాలని లేవీయకాండము 25వ అధ్యాయం విధిస్తుంది. క్రైస్తవ తెలుగులో దీనికి విశ్రాంతి సంవత్సరమని పేరు. ఈ ఏడేళ్ల లెక్కను విశ్వవిద్యాలయాలు కూడా స్వీకరించి, అధ్యాపకుల సెలవు నిబంధనల్లో చేర్చుకున్నాయి. అయితే ఆ భావన పుట్టిన మత వ్యవస్థలోనే, ముఖ్యంగా తెలుగు బాప్తిస్టు సంఘాల్లో, సంఘకాపరికి అది దుర్లభంగా మిగిలింది. దీనికి కారణాన్ని వ్యక్తుల భక్తిలోనో సోమరితనంలోనో వెతకడం సరికాదు. అది సంఘ నిర్మాణంలో ఉంది.

తెలుగు నేలపై బాప్తిస్టు బోధకుల దీర్ఘకాలిక సెలవు ‘ఫర్లో’ అనే పేరుతో ఆరంభమైంది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడి, ఆరోగ్యం దెబ్బతినడంతో 1846లో స్వదేశానికి వెళ్లాడు. అతని స్థానంలో మరో మిషనరీ లేడు. పని కుంటుపడింది. తెలుగు మిషన్‌ను మూసివేయాలా అనే చర్చ అమెరికాలో సాగింది. 1849లో డే తిరిగి వచ్చినప్పుడు లైమన్ జ్యూయెట్ వెంట రావడంతో మిషన్ నిలిచింది. అదే జ్యూయెట్ 1862లో అనారోగ్యంతో వెళ్లి, మిషన్‌ను విడిచిపెట్టవద్దని పట్టుబట్టి, 1865లో జాన్ ఎవరెట్ క్లౌను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ మధ్యకాలంలో నెల్లూరును డగ్లస్ చూసుకున్నాడు.

ఒంగోలులో పనిచేసిన క్లౌ 1872లో సెలవుపై వెళ్లాడు. సెలవు అనడమే గాని, ఆ కాలమంతా ఊరూరా ప్రసంగాలు చేసి, రామపట్నం వేదాంత పాఠశాలకు నిధి సమకూర్చడంలోనే గడిచింది. ఆ కాలంలో ఒంగోలు బాధ్యత కెనడాకు చెందిన జాన్ మెక్‌లారిన్‌ది. 1874లో క్లౌ తిరిగి రాగానే మెక్‌లారిన్ కాకినాడకు తరలి, అక్కడ థామస్ గాబ్రియేలు ఆరంభించిన పనిని చేపట్టాడు. కెనడియన్ బాప్తిస్టు మిషన్‌కు తెలుగునాట అదే తొలి అడుగు. డే సెలవుకూ క్లౌ సెలవుకూ ఫలితంలో ఉన్న భేదాన్ని వారి సామర్థ్యానికి ఆపాదించనవసరం లేదు. ఒకచోట పని చూసుకునే మనిషి ఉన్నాడు, మరొకచోట లేడు.

ఫర్లో అంటే స్వదేశానికి వెళ్లడం. స్వదేశంలోనే ఉన్న తెలుగు బోధకుడు ఆ నిర్వచనంలో ఇమడడు. మిషనరీలు నిష్క్రమించినప్పుడు ఆసుపత్రులు, పాఠశాలలు, మందిరాలు దక్కాయి గాని, ఈ సెలవు వారసత్వంగా అందలేదు.

దీనికి బాప్తిస్టు పాలనా సూత్రం తోడైంది. ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రం. కాపరిని పిలిచేదీ పోషించేదీ సంఘమే. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్పు, డయోసిస్ యంత్రాంగం మరొక గురువును పంపగలవు. బాప్తిస్టు కాపరి సెలవు కోరాలంటే, తన జీవనాధారమైన సంఘాన్నే ఒప్పించాలి. బదులు మనిషిని కూడా చాలాసార్లు తానే వెతుక్కోవాలి.

జీడిమెట్ల పారిశ్రామికవాడ వంటి చోట ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కర్మాగారంలో 240 రోజులు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వేతన సెలవును 2025 వరకు 1948 నాటి కర్మాగారాల చట్టం నిర్ణయించేది. హైటెక్ సిటీ ఉద్యోగికి సంస్థ సెలవు విధానం ఉంటుంది. వీరిరువురూ ఆదివారం కూర్చునే మందిరంలో ప్రసంగించే అయ్యగారికి అలాంటి పత్రమేదీ సాధారణంగా ఉండదు. అద్దె హాలులో మొదలైన చిన్న సంఘాల్లో స్థాపకుడే కాపరి. కానుకల రాబడి అతని ప్రసంగంతో ముడిపడి ఉంటుంది. అతడు మూడు నెలలు కనిపించకపోతే సభ్యులు పక్క వీధి మందిరానికి వెళ్తారన్న భయం నిరాధారమేమీ కాదు. తరచూ ఖాళీని పూరించేది అమ్మగారు. ఆమె శ్రమ ఏ సెలవు లెక్కలోకీ రాదన్నది వేరుగా పరిశోధించదగిన అంశం.

అమెరికాలో లిల్లీ ఎండోమెంట్ వంటి సంస్థలు కాపరి విశ్రాంతి ఖర్చుతోపాటు, ఆ కాలంలో సంఘ నిర్వహణకయ్యే ఖర్చును కూడా భరిస్తున్నాయి. ఆ రెండవ భాగమే ఇక్కడ ముఖ్యం. బాప్తిస్టులతో సహా పలు శాఖలు కలిసి నడిపే ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1973 నుండి హైదరాబాదులోనే ఉంది. ఇరుగుపొరుగు సంఘాలు నాలుగైదు కలిసి, అక్కడ శిక్షణ పొందిన ఒకరిని వంతులవారీగా పోషించుకోగలిగితే, 1872లో మెక్‌లారిన్ పోషించిన పాత్రకు మనిషి దొరుకుతాడు. అందుకు ముందు సెలవు కాలంలో కాపరి జీతం ఎవరిస్తారో, బాప్తిస్మం, ప్రభు భోజనం ఎవరు జరిపిస్తారో సంఘ సమావేశపు తీర్మానంలో రాసుకోవలసి ఉంటుంది.