పాతకారు పుట్టిన సంవత్సరము

పాత మోటారుకారు ఏ సంవత్సరపుదో యజమాని ఒకటి చెప్పును, కారు వేరొకటి చెప్పును. ఫోర్డు మోడల్-టి విషయమున ఇది మరింత సత్యము. 1908 మొదలు 1927 వరకు ఒకటిన్నర కోటికి మించి తయారైన కారది.

పైకి కనబడు గుర్తులు కొన్ని కలవు. రేడియేటరు ఇత్తడిదైనచో ఆ కారు 1916 నమూనాకో, అంతకు పూర్వపు నమూనాకో చెందవలెను. 1917 నమూనానుండి దానికి నల్లరంగు పూసిన తొడుగు వచ్చినది. మోడల్-టి అనగానే నల్లకారే తలపునకు వచ్చును గాని, నలుపు తప్ప వేరురంగు లేకుండుట 1914 మొదలు 1925 వరకే. తొలినాళ్లలో ఎరుపు, ఆకుపచ్చ రంగుల కార్లును ఉండెను. ఇంకొక వింత: అమెరికాలో చేసిన పైకప్పు మడుచు కార్లలో చాలకాలము డ్రైవరు పక్కన తలుపు ఆకారమే కాని తలుపు లేదు! నిజమైన తలుపు 1926 నమూనాతో వచ్చినది.

అయితే ఇవన్నియు విప్పి మార్చదగినవే. ఒక కారు భాగము మరొక కారునకు అతుకుటయే హెన్రీ ఫోర్డు సాధించిన ఘనత. వయస్సు వెదకువారికి చిక్కును అదియే. కావున ఇంజను నంబరును చూడవలెను. ఇంజను ఎడమవైపున, నీరు లోనికి పోవు గొట్టమునకు పైన, ఇనుముపై అది చెక్కబడి యుండును. తయారీ పట్టికలతో పోల్చినచో తేదీ తెలియును. కాని తెలియునది ఇంజను తేదీయే! పాత ఇంజను పాడై వేరొకటి బిగించినచో, ఆ సంఖ్య కారునుగూర్చి ఏమియు చెప్పదు. 1926 ప్రాంతము వరకు చట్రముపై నంబరు వేయు వాడుక లేకుండెను గనుక, ఇంజనును, రేడియేటరును, తలుపులను కలిపి చూచియే నిర్ణయింపవలెనని మేమందుము.

నమూనా సంవత్సరమును పంచాంగపు సంవత్సరమును ఒకటి కావు. 1917 నమూనా 1916 ఆగస్టునందే వెలువడసాగెను. కనుక 1916 అక్టోబరునాటి కారును 1917 కారనుట బొంకు కాదు.

మన దేశమున దీనికి చట్టసంబంధమును కలదు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రము, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని వాహనమే వింటేజి వాహనము. అట్టి వాహనమును కొత్తగా రిజిస్టరు చేసినచో దాని నంబరులో ‘వీఏ’ అను అక్షరములుండును. తయారైన తేదీ వేరు, రిజిస్ట్రేషను తేదీ వేరు. కొనబోవువారు పాత రిజిస్ట్రేషను కాగితమును, ఇంజనుపై నంబరును పక్కపక్కన నుంచి చూచిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను.