వెబ్ స్క్రిప్టు నేర్చువారికి గలుగు చిక్కులు – వాని పరిష్కారము

కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థులలో ననేకులు కొంతకాలమునకు వెబ్ పుటలు తయారుచేయ నారంభింతురు. మొదట నొక పుటమీద తమ పేరు, తరగతి, యూరు చూపి సంతసింతురు. పిమ్మట తరగతి మార్కుల పట్టికనో, గ్రంథాలయపు పుస్తకముల జాబితానో డేటాబేసునం దుంచి, దానిని వెబ్ పుటమీద జూప గోరుదురు. చిక్కు లచ్చటనే మొదలగును. ముప్పదిమంది పేర్లకు బదులొక్క పేరే వచ్చును. లేదా పుట తెల్లగా నుండును. లేదా యెన్నడు నెరుగని హెచ్చరిక యొకటి కనబడును. ఇట్టి సమయమున పెక్కుమంది బాలురు, బాలికలు "ఈ విద్య మాకు రాదు" అని విడిచిపెట్టుదురు. ఇది మిక్కిలి శోచనీయము. ఏలయన, ప్రారంభకులకు గలుగు చిక్కులు కొలదివి. ఒక్కొక్కదానికి స్పష్టమైన కారణము గలదు. వానిలో ముఖ్యమైనవానిని మేమిచ్చట వివరింప దలచితిమి.

ముందుగా పని జరుగు విధమును దెలిసికొనవలయును. చదువరి బ్రౌజరులో నొక పుట నడుగును. ఆ కోరిక సర్వరు అను వేరొక కంప్యూటరును జేరును. అచ్చట స్క్రిప్టు నడచి, డేటాబేసును ప్రశ్నించి, వచ్చిన సమాధానముతో పుటను గూర్చి బ్రౌజరునకు బంపును. ఈ పనికి పి.హెచ్.పి. యను భాషయు, మై ఎస్.క్యు.ఎల్. అను డేటాబేసును విస్తారముగా వాడుకలో నున్నవి. పి.హెచ్.పి.ని రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసెను. మై ఎస్.క్యు.ఎల్. మొదటి విడుదలయు నా సంవత్సరముదే. విషయములను పట్టికలుగా నుంచు పద్ధతికి మూలమైన సిద్ధాంతమును ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రకటించెను. ఈ వ్యాసములో మేము పి.హెచ్.పి., మై ఎస్.క్యు.ఎల్.లనే యుదాహరణముగా దీసికొనుచున్నాము.

డేటాబేసునందలి పట్టిక మన హాజరుపట్టీ వంటిది. ఒక్కొక్క విద్యార్థి కొక్క యడ్డువరుస. సంఖ్య, పేరు, మార్కులు మొదలగు వానికి నిలువువరుసలు. స్క్రిప్టులో విషయముల నుంచుకొను అర్రే యనునది తపాలా కచేరీలో నుత్తరములను వేరుపరచు గూళ్ల బీరువా వంటిది. గూటికి సంఖ్య యుండవచ్చును, పేరైన నుండవచ్చును. గూటిలో నొక విలువ యుండవచ్చును. లేదా మరియొక చిన్న గూళ్ల బీరువాయే యుండవచ్చును. ఈ కడపటి మాటను మరచుటచేతనే మొదటి చిక్కు పుట్టుచున్నది.

డేటాబేసు నడుగగా వచ్చు ఫలితము పేరు గాదు, మార్కు గాదు. అది యడ్డువరుసల మూట. ఆ మూటనుండి యొక్కమారు తీసిన నొక్క యడ్డువరుస చేతికి వచ్చును. అదియు నొక అర్రేయే; దానిలో "పేరు" అను గూటిని దెరచిననే విద్యార్థి పేరు దొరకును. ప్రారంభకుడు మూటనో, అడ్డువరుసనో తిన్నగా నచ్చు వేయ జూచును. అడ్డువరుస నచ్చు వేసినచో పుటమీద "అర్రే" అను నొక్క మాటయు, దానితో నొక హెచ్చరికయు వచ్చును. ఆ మాట తప్పు గాదు, "నీ చేతిలోనిది గూళ్ల బీరువా, ఏ గూడు కావలయునో చెప్పుము" అని దాని యర్థము.

ఒక్కమారే తీసినవాని కొక్క పేరే కనబడును. అందరి పేర్లును గావలసినచో, మూట ముగియువరకు మరల మరల దీయవలయును; అందులకే లూపు అను చుట్టుడు వాక్యము. ఇందులో నింకొక మెలిక గలదు. లూపు కడవరకు నడచిన పిదప మూట యడుగంటియుండును. అదే మూటమీద రెండవ లూపు నడిపినచో నేమియు రాదు. "మొదటి పట్టిక వచ్చినది, రెండవది రాలేదు" అని విద్యార్థులు తరచుగా వచ్చి యడుగుటకు గారణ మిదియే. వచ్చిన వరుసలన్నిటిని ముందొక అర్రేలో జేర్చుకొని, దాని నెన్నిమారులైనను జదువుట మంచి పద్ధతి. అట్లు చేర్చునపుడు ఖాళీ అర్రేను లూపునకు ముందే సిద్ధపరుపవలయును. లూపు లోపల సిద్ధపరచినచో, ప్రతి చుట్టునను పాతవి తుడిచిపెట్టుకొనిపోయి, కడపటి విద్యార్థి యొక్కడే మిగులును.

రెండవ చిక్కు గూళ్ల లెక్కలోనిది. సంఖ్యలు గల అర్రేలో మొదటి గూడు ఒకటి గాదు, సున్న. అయిదు గూళ్లున్నచో కడపటిదాని సంఖ్య నాలుగు. అయిదవ సంఖ్య నడిగినవానికి "అట్టి గూడు లేదు" అను హెచ్చరిక వచ్చును. పేర్లుగల గూళ్లకు ఇంగ్లీషు పెద్ద యక్షరము వేరు, చిన్న యక్షరము వేరు. ఒక్క యక్షరము మారినను గూడు దొరకదు. ఫారములందు మరియొక విషయము గమనింపదగినది. టిక్కు పెట్టని గడి సర్వరునకు ఖాళీగా జేరుట గాదు. అసలు చేరనే చేరదు. కావున ఆ గూడు కలదో లేదో మొదట విచారించి, పిమ్మట దెరువవలయును. ఒకే పేరుతో ననేకములైన టిక్కు గడులున్నచో, ఆ పేరు చివర చదరపు బ్రాకెట్ల జంట నుంచవలయును, ఉంచనిచో పి.హెచ్.పి.లో కడపటి గడి విలువ యొక్కటే నిలుచును.

మూడవది సున్నకును లేమికిని గల భేదము. పరీక్షకు రాని విద్యార్థి వేరు. వచ్చి సున్న మార్కులు దెచ్చుకొన్న విద్యార్థి వేరు. డేటాబేసులో రానివాని మార్కుల గడి నల్ అను స్థితిలో నుండవలయును. నల్ అనగా విలువ లేదని యర్థము. ముగ్గురిలో నొకనికి 40, ఒకనికి 60 వచ్చి, మూడవవాడు పరీక్షకు రాలేదనుకొందము. నల్ ఉంచినచో డేటాబేసు వానిని విడిచి సగటు 50 అని చెప్పును. సున్న వేసినచో సగటు 33 చిల్లర యగును. పరీక్షకు రానివారి నేరవలసినపుడు "నల్‌కు సమానము" అని వ్రాసిన నెవ్వరును దొరకరు. నల్ దేనికిని సమానము గాదు, తనకు దానును సమానము గాదు. "నల్ అయియున్నది" అను ప్రత్యేక వాక్యమునే వాడవలయును. స్క్రిప్టులోను నిట్టి గుంట యొకటి గలదు. పి.హెచ్.పి.లో "ఎంప్టీ" అను పరీక్ష సున్నను గూడ ఖాళీగానే యెంచును. దానిని నమ్మి, "మార్కులు నింపలేదు" అని చూపు స్క్రిప్టు, నిజముగా సున్న వచ్చినవానిని గూడ రానివారిలో గలిపివేయును.

నాలుగవది యన్నిటికంటె నపాయకరము. విద్యార్థి ఫారములో వ్రాసిన పేరును దెచ్చి, డేటాబేసునకు బంపు వాక్యములో నట్లే యతికించుట ప్రారంభకుల యలవాటు. డేటాబేసు వాక్యములో మాటలకు రెండు వైపుల నొంటి కొటేషను గుర్తు లుండును. ఓ'బ్రయన్ వంటి యింటిపేరు గలవాడు తన పేరు వ్రాసినచో, పేరు నడుమనున్న గుర్తువద్దనే డేటాబేసు మాట ముగిసినదని తలచును, మిగిలినది దానికి యాజ్ఞగా దోచును, వాక్యము చెడును. ఇది యమాయకుని విషయము. దుర్బుద్ధి గలవాడు పేరు వ్రాయవలసిన చోట కావలెనని యాజ్ఞనే వ్రాసినచో, ఇతరుల వివరములు బయటపడవచ్చును, మార్కులు మారవచ్చును, పట్టిక నశింపవచ్చును. దీనినే ఎస్.క్యు.ఎల్. ఇంజక్షన్ అందురు.

దీనికి మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. అందు ఆజ్ఞను ముందుగా బంపి, విలువ రావలసిన చోట ప్రశ్నార్థక చిహ్నము నుంతుము. విలువను వేరుగా బంపుదుము. అప్పుడు ఫారములో నేమి వ్రాసినను డేటాబేసు దానిని మాటగానే చూచును గాని యాజ్ఞగా జూడదు. పాత పుస్తకములలో మై ఎస్.క్యు.ఎల్. కొరకు జెప్పబడిన పాత ఫంక్షన్ల వరుస 2013లో విడుదలైన పి.హెచ్.పి. 5.5లో వలదని హెచ్చరింపబడి, 2015లో విడుదలైన పి.హెచ్.పి. 7.0లో తొలగింపబడినది. ఆ పాఠముల నిప్పుడు నకలు చేసినవానికి "ఇట్టి ఫంక్షను లేదు" అను మాట వచ్చుట సహజము. ఇప్పుడు మై ఎస్.క్యు.ఎల్.ఐ. గాని, పి.డి.ఓ. గాని వాడవలయును.

అర్రే నొక్క ప్రశ్నార్థకములో నిముడ్చ జూచుట గూడ తరచుగా గనబడును. ఏడుగురు విద్యార్థుల సంఖ్య లొక అర్రేలో నుండి, ఆ యేడుగురి వివరములు గావలసినచో, ఏడు ప్రశ్నార్థకములు వ్రాయవలయును. అర్రేలోని గూళ్లను లెక్కించి, అన్ని ప్రశ్నార్థకములను స్క్రిప్టుచేతనే కూర్పించుట సులభము. అర్రే ఖాళీగా నున్నచో మై ఎస్.క్యు.ఎల్.కు ఖాళీ కుండలీకరణము తప్పు వాక్యమగును. కావున నపుడు ప్రశ్నింపక మానుటయే సరియైనది.

అయిదవది యొక గడిలో బెక్కు విలువల నిరికించుట. విద్యార్థి చదువు విషయముల సంఖ్యలను "1, 11, 12" అని కామాలతో నొకే గడిలో వ్రాయుట మొదట సుఖముగా దోచును. పిమ్మట "ఒకటవ విషయము చదువువా రెవ్వరు?" అని వెదకినపుడు, 11, 12 సంఖ్యలలోను ఒకటి యున్నది గనుక, ఆ విషయము చదువనివారు గూడ జాబితాలో జేరుదురు. గడి కొక్క విలువ యుండుట పట్టికల పద్ధతికి మొదటి నియమము. విద్యార్థుల పట్టిక యొకటి, విషయముల పట్టిక యొకటి, ఏ విద్యార్థి యే విషయము చదువుచున్నాడో తెలుపు జతల పట్టిక యొకటి యుంచవలయును. మూడవ పట్టికలో జత కొక్క వరుస. ఈ మూటిని జాయిన్ అను వాక్యముచే గలిపి యడిగిన, లెక్క తప్పదు.

ఆరవది తెలుగువారికి ముఖ్యమైనది. పేరును దెలుగులో వ్రాసి దాచగా, తిరిగి తీసినపుడు ప్రశ్నార్థకముల వరుస కనబడును. ఫారము, స్క్రిప్టునకును డేటాబేసునకును గల సంబంధము, పట్టిక, ఇవి మూడును ఒకే లిపిసంకేతమును బాటింపవలయును. 2018లో వెలువడిన మై ఎస్.క్యు.ఎల్. 8.0నుండి యు.టి.ఎఫ్.8 ఎం.బి.4 అను సంకేతమే సహజముగా నిర్ణయింపబడినది. పాత పట్టికలలో దానిని మనమే కోరవలయును. ఒకమారు ప్రశ్నార్థకములుగా దాచబడిన పేరును మరల దెలుగుగా మార్చుట యసాధ్యము. మొదటి దినముననే చూచుకొనవలయును. మరియు "తెలుగు" అను మాట కంటికి మూడక్షరములు, యూనికోడులో ఆరు సంకేతములు, యు.టి.ఎఫ్.8లో పదునెనిమిది బైట్లు. బైట్లను లెక్కించు ఫంక్షనుతో మాటను గోసినచో అక్షరము నడుమ దెగి, పుటమీద వికారమైన గుర్తు మిగులును. బహుబైట్ల యక్షరముల కొరకు పి.హెచ్.పి.లో వేరుగా ఫంక్షను లున్నవి, వానినే వాడవలయును.

ఈ చిక్కులన్నిటిని బరికించినచో వాని మూల మొక్కటియే. చేతిలో నున్నదేమో చూడక, ఉండవలసినదని తలచినదానితో బని జరుపుటయే యా మూలము. కావున మా విద్యార్థులకు మేము జెప్పు పద్ధతి యిది. వాక్యమును ముందు డేటాబేసు కిటికీలోనే నడిపి, ఎన్ని వరుసలు వచ్చినవో చూడుడు. పిమ్మట స్క్రిప్టులో నొక్కొక్క మెట్టునను "వార్ డంప్" అను ఫంక్షనుతో మీ చేతిలోనిది మూటయా, అడ్డువరుసయా, మాటయా, సంఖ్యయా, నల్లా యని పరీక్షింపుడు. హెచ్చరికలు పది వచ్చినను మొదటిదానినే చదువుడు. తక్కినవి తరచుగా దాని సంతానమే. అందులో ఫైలు పేరును, పంక్తి సంఖ్యయు నుండును. నేర్చుకొనునపుడు హెచ్చరికల నన్నిటిని జూపించుకొనుడు. పుట నందరికి దెరచినపుడు వానిని తెరమీద జూపక, సర్వరునందలి దాఖలాలో వ్రాయించుడు. పరులకు మన డేటాబేసు గుట్టు తెలియరాదు.

స్క్రిప్టు పూర్తియైనదని చెప్పుటకు ముందు అయిదు విధముల వివరములతో బరీక్షింపవలయును: పేరులో కొటేషను గుర్తుగల విద్యార్థి, తెలుగులో బేరు వ్రాసిన విద్యార్థి, సున్న మార్కులు వచ్చిన విద్యార్థి, పరీక్షకు రాని విద్యార్థి, ఒక్క వరుసయు లేని ఖాళీ పట్టిక. సులభమైన పేర్లతో, మంచి మార్కులతో మాత్రమే పరీక్షింపబడిన స్క్రిప్టు నమ్మదగినది గాదు. పట్టికలోని ప్రతి వరుసయు నొక బిడ్డకు సంబంధించినది. ఆ బిడ్డ పేరు సరిగా నుండుటయు, మార్కు మారకుండుటయు, వివరము లన్యుల చేతిలో బడకుండుటయు స్క్రిప్టు వ్రాసినవాని బాధ్యత.