ఎముకలు చెప్పిన చుట్టరికం

అంతరించిపోయిన చేపకు చుట్టాలెవరో తేల్చటం తేలిక కాదు. మాంసం మిగలదు, రంగు తెలియదు. కోట్ల ఏండ్ల తరువాత రాతిలో నిలిచేవి ఎముకలు, పొలుసులు మాత్రమే. వాటి ఆధారంతో వంశనిర్ణయం ఎలా జరుగుతుందో మాక్రోపోమా అనే శిలాజ మత్స్యం చరిత్ర తెలియజేస్తుంది.

దక్షిణ ఇంగ్లండులో లూయిస్ పట్టణం చుట్టూ ఉన్న సుద్ద కొండలు ఒకప్పుడు క్రెటేషియస్ యుగపు సముద్రగర్భం. అక్కడ లభించిన ఈ చేపను 1822లో గిడియన్ మాంటెల్ అనే వైద్యుడు వర్ణించి, ఉత్తర అమెరికా మంచినీటి చేప అయిన ‘అమియా’ ప్రజాతికి చెందినది కావచ్చునని భావించారు. 1830లలో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ దానిని ప్రత్యేక ప్రజాతిగా గుర్తించి, మాక్రోపోమా అని నామకరణం చేశారు. ‘పెద్ద మూత’ అని ఆ పేరుకు అర్థం. 1861లో థామస్ హక్స్‌లీ దీనిని సీలకాంత్‌ల కుటుంబంలో చేర్చారు.

ఇటువంటి నిర్ణయానికి ఒక్క పోలిక చాలదు. కాడవంటి మొదళ్ళు గల రెక్కలు, మూడు పాయల తోక, లోపల బోలుగా ఉండే ముళ్ళు — ఇవన్నీ ఒకే చేపలో కలిసి కనిపించాలి. వేరు వేరు వంశాలలో ఏదో ఒక పోలిక యాదృచ్ఛికంగా రావచ్చు; ఇన్ని విశేషాలు కలిసిరావటం అరుదు.

ఈ వర్గీకరణకు ఊహించని పరీక్ష 1938 డిసెంబరులో ఎదురయింది. ఏనాడో అంతరించాయనుకున్న సీలకాంత్ ఒకటి దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కింది. ఈస్ట్ లండన్ మ్యూజియం అధికారిణి మార్జరీ కోర్టనీ-లాటిమర్ దాని ప్రత్యేకతను గ్రహించి భద్రపరిచారు. 1939లో జె.ఎల్.బి. స్మిత్ ఆమె పేరిట దానికి లాటిమీరియా అని పేరు పెట్టారు. ఎముకల పొందికలో అది మాక్రోపోమాకు దగ్గరి బంధువు. నేడు రెండింటినీ ఒకే కుటుంబంలో చేరుస్తున్నారు.

మాక్రోపోమా శరీరంలో గట్టి పలకలు కప్పిన ఒక భాగాన్ని మాంటెల్ జీర్ణాశయమనుకున్నారు. తరువాతివారు ఊపిరితిత్తి అన్నారు. లోతైన నీటిలో మొప్పలతో బ్రతికే లాటిమీరియాకు ఊపిరితిత్తితో పనిలేదు. అయినా క్షీణించిన ఊపిరితిత్తి, దాని చుట్టూ చిన్న గట్టి పలకలు అందులోనూ ఉన్నట్లు 2015లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

ఈ వంశపు శాఖ ఒకటి గోదావరి సీమలోనూ ఉండేది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాస్తరాలలో దొరికిన జురాసిక్ యుగపు సీలకాంత్‌కు 1974లో ఇండోసీలకాంథస్ అని పేరు పెట్టారు.

వంశనిర్ణయం ఎన్నడూ తుదితీర్పు కాదు. నాలుగు కాళ్ళ జంతువులకు సీలకాంత్‌లే అతి సమీప బంధువులని పలువురు తలచగా, 2013 నాటి జన్యుపరిశోధన ఆ స్థానాన్ని ఊపిరితిత్తుల చేపలకు ఇచ్చింది. కొత్త ఆధారం ముందు పాత అభిప్రాయం తలవంచక తప్పదు.