తల్లిచెట్టు, అంటుమొక్కలు, కంప్యూటర్లు

పులివెందుల సీమలో చీనీతోట వేయదలచిన రైతు జంబేరి మొక్కపై మంచి తల్లిచెట్టు కన్ను కట్టిన అంట్లను తెచ్చుకొనును. తల్లి గుణమే అంట్లన్నిటికిని వచ్చును. తల్లికి వైరస్ తెగులున్నచో అదియు కంటివెంటనే వచ్చును. మేము నేడు చెప్పదలచినది కంప్యూటర్ల విషయమే యైనను, దానికిని ఈ న్యాయమే మూలము.

పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల 2006లో వెలసినది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల కలదు. జమ్మలమడుగు పల్లెల పిల్లలకును ఇట్టి చదువు నేడు దూరము కాదు. ఇట్టి ప్రయోగశాల నొకదానిని ఊహింతము. అందు 60 మందికి తలకొక కంప్యూటరు కావలెను. శక్తిగల ఒక పెద్ద కంప్యూటరులోని మెమరీని, డిస్కును పంచి, 60 కంప్యూటర్లవలె నడుపవచ్చును. వీనినే వర్చువల్ యంత్రములందురు. ఇందుకు తోడ్పడు కె.వి.ఎం. అను సాధనము 2007 నుండి లినక్సులో అంతర్భాగమైనది.

ఒక్కొక్క యంత్రమును చేతితో సిద్ధపరచుటకు అరగంట పట్టిన యెడల, 60 యంత్రములకు 30 గంటలు పట్టును. అలసిన చేయి ఎచ్చటనో పొరపడును. ఎచ్చట పొరపడెనో తెలియదు.

దీనికి ఉపాయము క్లౌడ్ ఇమేజి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా సంస్థలవారు లినక్సును ముందుగనే స్థాపించిన డిస్కును ఒక ఫైలుగా ఉచితముగా ఇచ్చుచున్నారు. అందు ఎవరి పేరును, ఎవరి రహస్యపదమును ఉండవు. యంత్రము మొదటిసారి మేల్కొనగనే క్లౌడ్-ఇనిట్ అను ప్రోగ్రాము మనము వ్రాసియిచ్చిన చిన్న ఉత్తరమును చదువును. యంత్రము పేరేమి, ఎవరిని లోనికి రానీయవలెను, ఏ సామగ్రి కావలెను అన్నవి అందుండును. ఒక్కొక్క యంత్రమునకు ప్రత్యేక గుర్తు నీయవలెను. పాత గుర్తే కనబడినచో, పని ముగిసినదని తలచి అది ఊరకుండును.

మూలపు ఫైలును 60 మారులు నకలు తీయనక్కరలేదు. ప్రతి యంత్రము చేసికొను మార్పులు మాత్రమే వేరొక చిన్న ఫైలులో చేరును. కాని మూలమును కదలించితిమా, దానిపై ఆధారపడిన యంత్రములన్నియు చెడును. ఈ ఫైళ్ళను చేయుట, ఉత్తరములు వ్రాయుట, యంత్రములను మేల్కొలుపుట అను మూడు పనులను వరుసగా చేయు చిన్న ప్రోగ్రామును ఒకమారు వ్రాసికొన్న చాలును.

ఇక జాగ్రత్త చెప్పవలసి యున్నది. వాడిన యంత్రమునే తల్లిగాచేసి నకళ్ళు తీయువారు కలరు. అందు మరచిన రహస్యపదము 60 తలుపులకును ఒకే తాళపుచెవి యగును. ఒక యంత్రము మరియొకదాని వేషము వేయగలుగును. కనుక ఫైలుతోపాటు ప్రకటించిన సరిచూపు సంఖ్యతో పోల్చుకొని, శుద్ధమైన మూలమునే వాడవలెను.

ఒక రాత్రి డిస్కు పాడైనదనుకొందము. చేతితో చేసినవారు మరల మొదటినుండి ప్రారంభింపవలెను. ఉత్తరము దాచుకొన్నవారు యంత్రములను తెల్లవారులోగా నిలుపుకొనగలరు. అయినను విద్యార్థి వ్రాసికొన్న పాఠము ఆ ఉత్తరములో నుండదు. దానిని వేరొకచోట భద్రపరుపవలెను. అంటు మరల కట్టుకొనవచ్చును గాని, రాలిన కాయను తిరిగి కొమ్మకు తగిలింపలేము గదా!